ఆగడం

ప్రశ్న అడిగాక ఆగాలి. కోర్సు మొత్తంలో ఆమెకు కొరకరాని కొయ్యగా మిగిలింది ఆ ఒక్క ముక్కే.

మిగతావన్నీ ఎలాగో గట్టెక్కించింది. నానా దేశాల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటే పాఠం ఎలా నడపాలి, ఇంట్లో ఒక భాషా బళ్లో ఒక భాషా ఉన్న పిల్లకి చదవడం ఎలా పట్టుబడుతుంది, దేశం మారి వచ్చిన పిల్లలు మొదట్లో నెలల తరబడి నోరెందుకు విప్పరు, ఇలాంటి వాటి మీద వ్యాసాలు రాసింది, మార్కులు తెచ్చుకుంది. నలభై దాటాక మళ్లీ విద్యార్థి కావడం సిగ్గుగా ఉంటుందేమో అనుకుంది గానీ, సిగ్గుపడే తీరిక దొరకలేదు. పగలు ఒకటో తరగతికి పాఠాలు, సాయంత్రం టీచర్ల పీజీ కోర్సులో పాఠాలు. ఒకచోట పిల్లలు ఆమెతో "టీచర్, పెన్సిల్ విరిగింది" అనేవాళ్లు. ఇంకోచోట ఆమే పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చునేది.

బోల్తా పడింది పరిశీలన పాఠంలో. తన తరగతిలో తన పిల్లలకే ఆమె పాఠం చెబుతుంటే, కోర్సు మేడం వెనక కుర్చీలో కూర్చుని చూసింది. అయ్యాక దగ్గరికి వచ్చి మెత్తగా అంది.

"టీచర్ గారూ, ఇవాళ మీ తరగతిలో చాలా మంచి జవాబులు విన్నాను. అన్నీ మీరే చెప్పారు."

అబద్ధమేమీ కాదు. ప్రశ్న అడిగేది, పిల్ల నోరు తెరిచేలోపే జవాబు అందించేది. "మొక్కకి ఏం కావాలి? ఎండ... ఎండా, నీ... నీళ్లూ, అంతే కదా?" అంటే పిల్లలంతా "అవునూ" అని రాగం తీసేవాళ్లు. ఏళ్ల తరబడి అలాగే సాగింది, పిల్లలు అలాగే పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఆ బళ్లో ఆమెకి 'వసపిట్ట' అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు గానీ, వెనక అందరూ అంటారని ఆమెకి తెలుసు. కోపం వచ్చేది కాదు. మాట్లాడని టీచరు ఉప్పులేని పప్పని ఆమె నమ్మకం.

కోర్సు మేడం చెప్పేది వేరు. "మీరు అడిగిన తర్వాత వచ్చే నిశ్శబ్దం మీది కాదండీ, పిల్లది. ఆ చోటు లాక్కోకండి. ఆగండి. పిల్ల లోపల ఏదో జరుగుతూ ఉంటుంది. జరగనివ్వండి."

మళ్లీ ఒక్క అవకాశం ఉంది. అది కూడా తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. కోర్సు లేకపోతే తరగతి లేదు. బడి అంతర్జాతీయ బడిగా మారుతోంది, వచ్చే ఏటి నుంచి ఈ పీజీ ఉన్నవాళ్లకే తరగతులని ప్రిన్సిపాల్ అందరి ముందూ చెప్పేశాడు. మిగిలినవాళ్లని ఉద్యోగంలోంచి తీసెయ్యరట. "సర్దుతాం" అన్నాడు. ఎలా సర్దుతారో అందరికీ తెలుసు. నిరుడు కోర్సు తప్పిన రెండో తరగతి టీచరు ఇప్పటికే మెట్ల కింద గదిలో జిరాక్స్ తీస్తోంది. పిల్లలు అటుగా పోతూ "టీచర్!" అని కేకేస్తే, ఆవిడ మిషన్ మూత ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం అలా ఉండిపోతుంది, ఆ పిలుపు ఎవరికో అన్నట్టు. ఆకుపచ్చటి వెలుగు మొహం మీద ఇటునుంచి అటు పాకుతుంది. ఆ దృశ్యం చూసిన రోజు నుంచి ఆమె ఆ మెట్ల దారిన పోవడం మానేసింది. అవతలివైపు మెట్లెక్కి, చుట్టు తిరిగి తరగతికి వెళ్తుంది.

ఆగడం ఎలా నేర్చుకోవాలి? లెక్కల మాస్టారు ఒక ఉపాయం చెప్పాడు.

"నోట్లో పిప్పరమెంటు పెట్టుకోండమ్మా. కరిగేదాకా నోరు తెరవకండి."

"మరి ప్రశ్న ఎవరడుగుతారు మాస్టారూ?"

"కిటికీ బయట నిలబడి నేనడుగుతా. మీరు నవ్వుతూ ఉండండి, చాలు."

ఇంట్లో సాధన మొదలుపెట్టింది. భోజనాల దగ్గర "ఇవాళ ఎలా గడిచింది?" అని అడిగి, నాలుకని అంగిటికి నొక్కి పెట్టి కూర్చుంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజంతా జనం గోల విని వచ్చే మనిషి, ఇంట్లో ఆమె గోల వింటేనే ఆయనకి అన్నం సయిస్తుంది. ఆయన ముద్ద కలిపిన చెయ్యి కంచంలోనే ఆపి ఆమె వంక చూశాడు.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

ఆమె ఆగింది.

"నేను స్టాపులో ఆగితే జనం ఎక్కుతారు. నువ్విలా ఆగితే ఎవరెక్కాలి తల్లీ?"

"అబ్బ, చెప్పాను కదండీ, ఆగడం ప్రాక్టీసు చేస్తున్నానని."

"ఆగడం, ఆగడం అంటావు. నీ ఆగడాలు భరించడం మావల్ల కావడం లేదు."

కూతురు పకపకా నవ్వింది. నవ్వి, కాసేపటికి అంది, "అమ్మా, నిజంగా మాట్లాడవే. నువ్వలా చూస్తూ ఊరుకుంటే నేనేదో తప్పు చేసినట్టు భయమేస్తోంది."

ఆ మాట ఆమెకి చురుక్కుమంది. ఆ భయం ఆమెకి తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడుకునేవాళ్లు కాదు. తిట్టుకోవడం, కొట్టుకోవడం లాంటివేమీ లేవు, మాటలు లేవంతే. ఆ ఇద్దరి మధ్య పరుచుకున్న నిశ్శబ్దంలో ఆమె ఒక్కతే కబుర్లు చెబుతూ తిరిగేది. మాట ఆగిన చోట ఏదో కూలిపోతుందనిపించేది. కూలకుండా తన గొంతుతో పట్టి ఉంచేది. పెద్దయ్యాక ఆ పనికి జీతం కూడా వచ్చింది, అంతే తేడా. ఇప్పుడీ వయసులో ఎవరో వచ్చి, ఆ పట్టు వదిలెయ్యి, ఏమీ కూలదు అంటున్నారు. తల ఒప్పుకుంది గానీ గుండె వినలేదు.

కోర్సులో ఆత్మపరిశీలన అని ఇంకొకటి ఉంది. పాఠం అయ్యాక, ఏం చేశాను, ఎందుకు చేశాను అని తనని తనే తవ్వుకోవాలి. మొదట్లో సరదాగానే ఉండేది. రానురాను పాఠం నడుస్తుండగానే తవ్వకం మొదలయ్యేది. బోర్డు వైపు తిరిగితే, ఎందుకు తిరిగాను? పిల్ల తల నిమిరితే, ఎందుకు నిమిరాను? తనలోనే ఇంకొకావిడ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. కళ్లు పిల్లల మీదా, చూపు తన మీదా. కూర వండుతూ వండుతూ ఉప్పు వేశానో లేదో అనుకునేవాళ్లకి మల్లే, ఆమెకి చెయ్యి తప్పడం మొదలైంది.

ఆ తరగతిలో ఒక కొత్తపిల్ల ఉంది. తండ్రికి ఈ ఊళ్లో పని దొరికి, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చారు. పిల్లకి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. వచ్చిన రోజు నుంచి నోరు విప్పింది లేదు. స్వెట్టర్ బొత్తాలు తిప్పుకుంటూ కూర్చుంటుంది కాబట్టి, పిల్లలు దానికి 'బొత్తాం' అని పేరు పెట్టేశారు. "టీచర్, బొత్తాం ఏడుస్తోంది", "టీచర్, బొత్తాం నా రబ్బరు తీసుకుంది", ఇలా దాని తరఫున అందరూ మాట్లాడేవాళ్లు.

బొత్తాంతో ఆమెకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆకలేస్తే ఎలా చూస్తుందో, నిద్రొస్తే ఎలా ఒరుగుతుందో తెలిసేది. అన్నిటికన్నా కింది బొత్తాం పట్టుకుని మెలితిప్పుతూ, ఒక పాదంతో ఇంకో పాదాన్ని తొక్కిందంటే బాత్రూమ్‌కి వెళ్లాలని అర్థం. అది చూడగానే ఆమె మాట తెంచకుండానే, "పద పద పద" అని చెయ్యి పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్లి ఆయమ్మకి అప్పగించేది. తనకది తెలుసని కూడా ఆమెకి తెలియదు. ఏ ఆత్మపరిశీలనలోనూ ఆ సంగతి రాయలేదు. ఊపిరి పీల్చడం గురించి ఎవరు రాస్తారు?

రెండో పరిశీలన పాఠం రోజు వచ్చింది.

తేలేవి, మునిగేవి. పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్లు పోయించి మధ్య బల్ల మీద పెట్టింది. చుట్టూ చెక్కముక్క, చెంచా, గులకరాయి, బిరడా, రంగు మట్టి. వెనక కుర్చీలో కోర్సు మేడం వచ్చి కూర్చుంది. ఒళ్లో కాగితాలు పెట్టుకుని, నేను లేననుకోండి అన్నట్టు చిన్నగా నవ్వింది. లేదనుకోవడం ఎలా?

పాఠం బాగా నడిచింది. ఆశ్చర్యంగా, చాలా బాగా నడిచింది. "ఇది మునుగుతుందా, తేలుతుందా? ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడిగి ఆగింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఆగిన ప్రతిసారీ ముందు ఒళ్లు ఝల్లుమనేది, ఆ తర్వాత ఎవడో ఒకడు నిజంగానే నోరు తెరిచేవాడు. "చెంచా సన్నగా ఉంది కానీ లోపల బరువుంది టీచర్" అన్నాడొకడు. అది ఆమె అందించిన మాట కాదు. వాడిదే. ఇన్నేళ్లుగా ఇలాంటి మాటలు ఎన్నిటిని పుట్టకముందే మింగేశానో అనుకుంది. కళ్లు చెమర్చాయి. ఓరకంట వెనక్కి చూసింది. మేడం రాసుకుంటోంది.

రంగు మట్టిని ఉండ చేసి వేసింది. బుడుంగుమని మునిగింది. అదే మట్టిని తీసి, దొన్నెలా వంచి, పడవ చేసి వదిలింది. తేలింది. పిల్లలు "ఓ" అన్నారు. చెయ్యెత్తి నీళ్లు చిలకరించి పడవని కదిల్చింది. నీళ్లు గలగలా అన్నాయి.

"ఇప్పుడు పడవని ఎవరు మోస్తున్నారు? పడవ కింద ఏముంది?"

ఎన్నో చేతులు లేచాయి. ఆమె చూపు బొత్తాం మీద పడింది. అది తొట్టి అంచున నిలబడి పడవనే చూస్తోంది. ఈ పిల్లని అడిగితే? మూగనోము పట్టిన పిల్ల దగ్గర కూడా ఆగగలిగితే? ఆ కోరిక పాఠంలోంచి పుట్టలేదు, వెనక కుర్చీ వైపు నుంచి వచ్చింది. వచ్చిన క్షణంలో ఆమెకి తెలియలేదు.

"నువ్వు చెప్పమ్మా. పడవ కింద ఏముంది?"

ఆగింది.

పిల్లలు చేతులు దించి చూస్తున్నారు. బొత్తాం ఆమె మొహంలోకి చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి. చేతివేళ్లు స్వెట్టర్ చివరికి జారి, అన్నిటికన్నా కింది బొత్తాన్ని పట్టుకుని మెలితిప్పడం మొదలుపెట్టాయి. ఒక పాదం ఇంకో పాదాన్ని తొక్కింది.

ఆమె చూసింది. చూడలేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందామన్నా కుదరలేదు. ఆ వేళ్లూ ఆ పాదాలూ అన్నీ స్పష్టంగా కనపడ్డాయి. అయితే వాటికి లోపల వేరే పేరు పలికింది. ఇదే, కోర్సులో చెప్పింది ఇదే, లోపల ఆలోచన జరుగుతోంది, మాట కోసం వెతుకుతోంది, ఈ చోటు పిల్లది, లాక్కోకు. "పద పద పద" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. పాత రోగం తిరగబెట్టింది అనుకుని దాన్ని నొక్కేసింది. నొక్కగలిగినందుకు గర్వపడింది కూడా. చిరునవ్వుతో, తల కొంచెం పక్కకి వంచి, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఆగింది.

బొత్తాం మొహం ఎర్రబడింది. తర్వాత ఉన్నట్టుండి సడలిపోయింది. కళ్లు కిందికి దిగాయి. తెల్ల మేజోళ్ల మీద తడి పాకి, బూట్ల చుట్టూ నేల మీద చిన్న మడుగు కట్టింది. పిల్ల దాన్నే చూస్తూ, గొంతు పెగిలీ పెగలకుండా అంది.

"నీళ్లు."

తరగతి ఒక్కసారి గొల్లుమంది. "బొత్తాం మాట్లాడింది! టీచర్, బొత్తాం మాట్లాడింది!" మంచి జవాబు వస్తే చప్పట్లు కొట్టాలని ఆమే నేర్పింది. అందరూ కొట్టారు. చప్పట్ల మధ్య ఆ పిల్ల కాళ్లు దగ్గరికి నొక్కుకుని నిలబడి ఉంది.

ఆమె తల తిప్పింది, పిల్ల వైపు కాదు, వెనక కుర్చీ వైపు. మేడం కళ్లు మెరుస్తున్నాయి. ఆ కుర్చీలోంచి బల్ల కింది నేల కనపడదు.

ఆ తర్వాతే ఆమె పిల్ల దగ్గరికి వెళ్లింది. తొట్టి అంచు పట్టుకుని వంచింది. నీళ్లు బల్ల మీంచి భళ్లున దూకి, ఆమె చీరా, పిల్ల గౌనూ, పక్క పిల్లల బూట్లూ అన్నీ తడిపేశాయి. "అయ్యయ్యో, చెయ్యి జారింది! కదలకండి, ఎవ్వరూ కదలకండి" అని అరిచింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆయమ్మ తుడిచే గుడ్డతో పరిగెత్తుకొచ్చింది. ఆ గందరగోళంలో బొత్తాంని ఎత్తుకుని ఆయమ్మ చేతుల్లో పెట్టింది. బట్టలు మార్చమంది. పిల్ల బరువు చేతుల్లోంచి పోయాక, తొట్టి ఎవరి కోసం వంచానని ప్రశ్న వచ్చింది. పిల్ల పరువు కోసమా, నేల మీద సాక్ష్యం కడిగెయ్యడానికా? రెండూ ఒకే నీళ్లలో కలిసిపోయాయి. ఇక వేరుచెయ్యడం ఎవరి తరం?

తర్వాత మాట్లాడుకోవడానికి లైబ్రరీ గదిలో కూర్చున్నారు. పిల్లల కుర్చీలు, మోకాళ్లు గడ్డం దాకా వస్తున్నాయి. ఆమె చీర కుచ్చెళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"టీచర్ గారూ," అంది మేడం, "నేను చాలా తరగతులు చూశాను. ఇవాళ చూసింది మర్చిపోలేను. ఆ పిల్ల దగ్గర మీరు ఆగారే, ఆ నిశ్శబ్దం గురించి చెప్పండి."

చెప్పి, మేడం ఆగింది.

ఆ ఆగడం చాలా బాగుంది. ఎక్కడా తొందర లేదు, కోపం లేదు, దయ ఉంది. మెడ కొంచెం పక్కకి వంచి, ఎంతసేపైనా ఉంటానన్నట్టు చూస్తోంది. దాని ఎదుట కూర్చున్న ఆమెకి ఒళ్లంతా బిగుసుకుపోయింది. కాలివేళ్లు ముడుచుకున్నాయి. ఏదైనా మంచి మాట చెప్పు, చెప్పి లేచి వెళ్లిపో అనుకుంది. తరగతి నీది, మెట్ల కింద గది నీది కాదు, ఒక్క అబద్ధం చాలు, అబద్ధం కూడా అక్కర్లేదు, ఊరుకుంటే చాలు. పట్టి ఉంచాలని ఎంత చూసినా పట్టు సడలిపోయింది. మాటలు వాటంతటవే జారిపోయాయి.

"అది జవాబు కాదు మేడం. పిల్ల బాత్రూమ్‌కి వెళ్లాలని నిలబడింది. నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు. ఇవాళ ఆలోచిస్తోందనుకున్నాను. నిలబెట్టాను. తడుపుకుంది. ఆ నీళ్లని చూసి నీళ్లు అంది. మేమంతా చప్పట్లు కొట్టాం."

మేడం మొహంలో రంగు మారింది. ఆమెకి ఎక్కడో ఒక మూల తేలికపడ్డట్టు అనిపించింది. అయిపోయింది, ఇక తిట్లు పడతాయి, తప్పుతాను, జిరాక్స్ గదిలోకి పోతాను, ఆ పిల్లకి అంతైనా బాకీ తీరుతుంది.

మేడం పెన్ను తీసింది.

"ఇంత నిజాయితీగా తన పాఠాన్ని పరిశీలించుకున్న టీచర్ని నేను చూడలేదు" అంది, గొంతు వణుకుతూ. నటన కాదు.

"నేను మార్కుల కోసం చెప్పలేదు మేడం."

"తెలుసు. అందుకే ఆ మాటలకి విలువ."

"మీకు అర్థం కావడం లేదు. పిల్ల అలా నిలబడి ఉంటే నేను ముందు చూసింది మిమ్మల్ని. పిల్లని కాదు."

"అది కూడా మీరే గమనించారు చూశారా? కోర్సు కోరేది ఇదేనండీ. తప్పు చెయ్యని టీచర్ని కాదు, చేసింది చూసుకోగలిగే టీచర్ని."

ఆమె నోరు తెరిచింది. ఇంకేం చెప్పినా అది కూడా ఆ కాగితం మీదికే వెళ్తుందని తట్టింది. ఏడ్చినా వెళ్తుంది. బల్ల మీద చెయ్యి కొట్టి, నన్ను ఫెయిల్ చెయ్యండి అని అరిచినా, లోతైన బాధ్యత అని ఒక గడిలో కూర్చుంటుంది. తల బాదుకోవడానికి ఆ గదిలో ఒక్క గోడ కూడా గోడలా లేదు, అన్నీ మెత్తటివే. నోరు మూసుకుంది.

ఆమె గెలిచింది. ప్రిన్సిపాల్ అందరి ముందూ పేరు చెప్పి అభినందించాడు. లెక్కల మాస్టారు, "పిప్పరమెంటు ఖర్చు నాకివ్వాలమ్మా" అన్నాడు. ఇంట్లో భర్త, "ఇక మాట్లాడొచ్చా? లైసెన్స్ వచ్చిందిగా?" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వు మొహం మీద ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలనిపించింది.

ఒకటో తరగతి ఆమెదే. అయితే ఆ తరగతిలో ఇప్పుడు ప్రశ్న అడగడానికి లేదు. ఏది అడిగినా, ఎవరో ఒకరు "నీళ్లు!" అని కేకేసి, తామే చప్పట్లు కొట్టి పడీపడీ నవ్వుతారు. మూడుకి రెండు కలిపితే? నీళ్లు! ఇవాళ ఏ వారం? నీళ్లు! వాళ్లకి అందులో పాపం లేదు, ఆటంతే. ఆ మాట వినపడ్డ ప్రతిసారీ బొత్తాం పుస్తకంలోకి ఇంకా కిందికి వంగిపోతుంది. మళ్లీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

దానికన్నా పెద్ద కష్టం ఇంకొకటి. ఆ పిల్ల వేళ్లు బొత్తాం మీదికి వెళ్తే చాలు, ఆమెకి గుండె ఆగుతుంది. వెళ్లాలనా? భయమా? ఊసుపోకనా? ఇదివరకు చూపు పడగానే తెలిసిపోయేది. ఇప్పుడు చూస్తుంది, ఇంకా చూస్తుంది, తెలియదు. పరాయి భాషలో రాసిన బోర్డు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. అందుకని ప్రతిసారీ చెయ్యి పట్టుకుని లేవదీస్తుంది. ఆయమ్మకి అప్పగించదు, తనే తీసుకెళ్తుంది.

ఆ రోజు కూడా అలాగే, లెక్క మధ్యలో ఆపి తీసుకెళ్లింది. బాత్రూమ్ తలుపు తీసి, "వెళ్లమ్మా" అంది. పిల్ల వెళ్లలేదు. వెళ్లాల్సిన అవసరం దానికి లేదు. గోడకి ఆనుకుని, ఈ పెద్దావిడకి ఏం కావాలో అన్నట్టు తలెత్తి చూసింది. ఆమె వంగి, ఆ మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. కన్నీళ్లు ఉబికాయి. తుడుచుకోలేదు.

కాసేపటికి పిల్ల నెమ్మదిగా కదిలింది. మునివేళ్ల మీద నిలబడి కుళాయి తిప్పింది. శుభ్రంగా ఉన్న చేతులనే సబ్బు పెట్టి, వేళ్ల సందుల్లో కూడా రుద్ది, కడుక్కుంది. కుళాయి కట్టేసింది. తర్వాత నీళ్లోడుతున్న రెండు అరచేతులూ ఆమె ముందు చాపి, సరిపోయిందా అన్నట్టు మొహంలోకి చూస్తూ నిలబడింది.

"సరిపోయిందమ్మా" అంది ఆమె. పిల్లకి ఆ మాట అర్థం కాలేదు. చేతులు దించలేదు.